పాత హారర్‌ని ఆటపట్టించే యానిమేషన్ సినిమా ఇంటిల్లిపాదీ చూడాలంటే

దేన్ని ఆటపట్టిస్తున్నారో తెలియకపోతే ఇలాంటి సినిమాలో సగం జోకులు తగలకుండానే వెళ్లిపోతాయి. అందుకే సినిమాకి ముందు పది నిమిషాలు పాత సీన్లకి కేటాయించండి.

టిమ్ బర్టన్ 'ఫ్రాంకెన్‌వీనీ' (2012) సంగతే చూడండి. 87 నిమిషాలు, మొత్తం బ్లాక్ అండ్ వైట్. చచ్చిపోయిన తన కుక్క స్పార్కీని ఓ పిల్లాడు పిడుగు కరెంటుతో బతికించుకుంటాడు. ముందుగా 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్'లో రెండు ముక్కలు వెయ్యండి: ల్యాబులో మెరుపుల మధ్య శవం చెయ్యి కదిలే సీను, చివర్లో గాలిమర తగలబడే సీను. చెరువు దగ్గర చిన్నపాప ఉన్న సీను మాత్రం పిల్లలకి వద్దు, అది నిజంగానే భయంకరం. తర్వాత 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1935) చివర్లో రాక్షసుడి పెళ్లికూతురిగా నటి ఎల్సా లాంచెస్టర్ కనబడే చోటు: నిక్కబొడుచుకున్న జుట్టు, పక్కన మెలికలు తిరిగిన తెల్లచార. పక్కింటి పూడిల్ కుక్క స్పార్కీ మెడ బోల్టుకి తగిలి షాక్ కొట్టించుకుని, అచ్చం అదే తెల్లచారతో నిలబడ్డప్పుడు పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, వాళ్లే ఎగిరి గంతేస్తారు.

కుక్క సినిమా మొదట్లోనే కారు గుద్ది చచ్చిపోతుంది. ఈ మాట పిల్లలకి ముందే చెప్పండి. ఇంట్లో పెంచుకున్నది ఈమధ్యే పోయుంటే కొన్నాళ్లు ఆగండి. ఆరేళ్లలోపు పిల్లలకైతే 'ది కర్స్ ఆఫ్ ది వేర్-రాబిట్' (2005) నయం. 85 నిమిషాలు, రంగుల్లో మట్టి బొమ్మలు, కూరగాయలు మేసే రాక్షస కుందేలు. అది 1941 నాటి 'ది వుల్ఫ్ మ్యాన్' లాంటి తోడేలు మనిషి కథల మీద జోకు.

ఇక టీవీ. సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ తప్పకుండా ఆపండి. ఈ రెండు సినిమాలూ బొమ్మల్ని కొద్దికొద్దిగా కదుపుతూ ఫ్రేము ఫ్రేముగా తీసినవి. టీవీ మధ్యలో సొంత ఫ్రేములు చొప్పిస్తే ఆ చిన్న కుదుపు పోయి బొమ్మలు జారుతున్నట్టు కనిపిస్తాయి, ప్రాణమంతా పోతుంది. 'వివిడ్' మోడ్‌లో తెలుపు నీలంగా మారుతుంది, 'సినిమా' మోడ్ పెట్టండి. ట్యూబ్‌లైట్ ఆర్పి, చిన్న బల్బు టీవీ వెనక వెలగనివ్వండి. చీకటంటే భయపడే పిల్లలకి ఆ వెలుగు చాలు.

బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుముల వాన పడితే ఈ సినిమాకి అంతకంటే మంచి పూట లేదు. కాకపోతే కరెంటు పోతుంది. టీవీ ప్లగ్గు, రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో పగలే చూసుకోండి. ఏడు దాటాక మొదలుపెడితే కర్టెన్ల సందుల్లోంచి వెలుగు పడదు, తొమ్మిదిలోపు అన్నాలకి కూర్చోవచ్చు.

ఇంగ్లీషు అందని అమ్మమ్మకి, తాతయ్యకి పక్కన ఒకరు కూర్చుని సీనుకో వాక్యం చెప్తే చాలు. మాటల్లోని శ్లేషలు తెలుగు చెయ్యబోతే మీరు చెప్పేలోగా తర్వాతి జోకు కూడా పోతుంది. విఠలాచార్య సినిమాల్లో దెయ్యాల్ని గుర్తుచేసి, వాటితో ఎవరో ముద్దుగా ఆడుకున్నట్టు అనుకోమనండి. స్పార్కీ సంతోషంగా తోక ఊపితే తోకే ఊడి ఎగిరిపడినప్పుడు మాత్రం ఎవరికీ ఏదీ చెప్పొద్దు.