అమెరికాలో క్రెడిట్ హిస్టరీని సున్నా నుంచి కట్టుకోవడం

హైదరాబాద్‌లో సిబిల్ స్కోరు ఎంత బాగున్నవారికైనా అమెరికాలో దిగిన రోజున స్కోరంటూ ఉండదు. సిబిల్‌ను నడిపేది ట్రాన్స్‌యూనియన్ సంస్థే అయినా, అక్కడ జనం అప్పులు, చెల్లింపుల వివరాలు నమోదు చేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ బ్యూరోల రిపోర్టుల్లోకి మన రికార్డు దానంతటది వెళ్లదు. డెబిట్ కార్డు ఎంత వాడినా ఆ రిపోర్టుల్లో ఒక్క గీత కూడా పడదు.

ముందుగా చూసుకోవలసింది పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, రెండు మూడు ముక్కల పేరు మరోచోట ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు ఉన్న కార్డు) మీద ఉన్న వరుసలోనే బ్యాంకులోనూ, కార్డు దరఖాస్తులోనూ పేరు రాయించండి. ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి పేరు రాసినందువల్ల నా ఖాతాల వివరాలు ఒక బ్యూరోలో రెండు ఫైళ్లుగా చీలిపోయాయి. వాటిని ఒకటి చేయించడానికి పట్టిన ఓపికతో మరో డిగ్రీ చదవవచ్చు. ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థులకు క్యాంపస్ ఉద్యోగమో, అనుమతి ఉన్న మరో పనో దొరికితే తప్ప సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు కనుక, అంతవరకు పాస్‌పోర్టుతో దరఖాస్తు తీసుకునే కార్డు సంస్థలు ఏవో విచారించుకోవాలి.

మొదటి కార్డుగా సెక్యూర్డ్ కార్డు, అంటే ముందుగా డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు, తీసుకోవడమే నా దృష్టిలో మేలు. ఉదాహరణకు 200 డాలర్లు డిపాజిట్ కడితే సాధారణంగా అంతే పరిమితి ఇస్తారు. వార్షిక రుసుము ఉందా, మూడు బ్యూరోలకూ వివరాలు పంపుతారా అన్న రెండు ప్రశ్నలు అడగకుండా సంతకం చేయవద్దు. వయసు 21 నిండనివారు సొంత ఆదాయం చూపించాలి.

కొత్తవారు ఎక్కువగా తడబడేది తేదీల దగ్గర. నెల బిల్లు తయారయ్యే స్టేట్‌మెంట్ తేదీ వేరు, ఆ బిల్లు కట్టవలసిన గడువు తేదీ వేరు. రెంటికీ నడుమ కనీసం 21 రోజులు ఉంటాయి. బ్యూరోలకు సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్ నాటి బాకీ. 500 డాలర్ల పరిమితి ఉన్న కార్డు మీద ఇండియన్ స్టోర్‌లో బియ్యం, కందిపప్పు, బస్ పాస్ అన్నీ కలిపి 400 అయ్యాయనుకుందాం. గడువులోగా మొత్తం కట్టినా, రిపోర్టులో పరిమితిలో 80 శాతం వాడినట్టే కనిపిస్తుంది. అదే స్టేట్‌మెంట్ రావడానికి రెండు మూడు రోజుల ముందే 350 కట్టేస్తే 10 శాతమే నమోదవుతుంది. అమెరికాలో బాగా వాడుకలో ఉన్న క్రెడిట్ స్కోరు ఫైకో. 300 నుంచి 850 వరకు ఉండే ఆ స్కోరులో వేళకు కట్టడానికి 35 శాతం, బాకీల పరిమాణానికి 30 శాతం ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త వృథా కాదు. ఆ స్కోరు పుట్టడానికి కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి ఉండాలి. తొందరపడి లాభం లేదు.

బ్యాంకు ఖాతా నుంచి బిల్లు దానంతటదే కట్టే ఆటోపే పెట్టుకునేటప్పుడు ‘మినిమమ్’ కాక ‘స్టేట్‌మెంట్ బ్యాలెన్స్’ ఎంచుకోండి. లేకపోతే మిగిలిన బాకీపై వడ్డీ పడుతుంది. సెలవులకు ఊరెళ్లి పెళ్లిళ్ల హడావిడిలో బిల్లు మరిచిపోయి, గడువు దాటి 30 రోజులైతే, ఆ మచ్చ ఏడేళ్లు రిపోర్టులో ఉంటుంది.

భార్య లేదా భర్త కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే వారి ఖాతానే వాడుకునే అనుమతి ఉన్నవారిగా, చేరడం మరో మార్గం. వాళ్లు క్రమంగా కట్టేవారైతేనే సుమా. బట్టల దుకాణం కౌంటర్‌లో తగ్గింపు ఆశ చూపి అంటగట్టే కార్డులకు మాత్రం మర్యాదగా వద్దని చెప్పండి. ప్రతి కొత్త దరఖాస్తుకూ కార్డు సంస్థ మన రిపోర్టు తీసి చూస్తుంది. హార్డ్ ఎంక్వైరీ అనే ఆ నమోదు రిపోర్టులో రెండేళ్లు నిలుస్తుంది.

యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు బ్యూరోల రిపోర్టులనూ వారానికొకసారి ఉచితంగా చూడవచ్చు. మీది కాని చిరునామా, ఖాతా కనబడితే ఆ బ్యూరోకే డిస్ప్యూట్ (తప్పుందని అభ్యంతరం) పంపండి. సాధారణంగా 30 రోజుల్లో విచారించి జవాబివ్వవలసిన బాధ్యత దానిదే.