పౌడర్ కోటింగ్ ఉబ్బి ఊడుతుంటే: చెన్నై బాల్కనీ ఇనుముకు ఇంటి వైద్యం

తిరువాన్మియూరు వంటి సముద్రపు గాలి తగిలే చోట కాపురం ఉన్నవారికి ఇది తెలిసిన బాధే. కొన్నప్పుడు నిగనిగలాడిన బాల్కనీ కుర్చీ రెండు మూడు వానాకాలాలకే కాళ్ల దగ్గర ఉబ్బుతుంది, గోటితో గీకితే పెచ్చులుగా రాలుతుంది. మొత్తం గీకి పారేయాలనిపిస్తుంది. ఆగండి. పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని చల్లి, వేడికి కాల్చి పట్టించిన పొర. ఇనుమును గట్టిగా పట్టుకుని ఉన్న ఆ పొరకు సాటివచ్చే ప్రైమర్ (అడుగు పూత) మనం ఇంట్లో వేయలేం. పట్టు ఎక్కడ వదిలిందో కనుక్కుని, అక్కడి వరకే తీయడం మంచిది.

ముందుగా థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఒక మూల రుద్దండి. గుడ్డకు రంగు బాగా అంటితే అది మామూలు ఎనామిల్ పెయింటు కావచ్చు. బాగా కాలిన పౌడర్ పొర కరగదు. తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అల్యూమినియం అనుకోవచ్చు.

ఉబ్బులు, వాటి కింద తుప్పు

పదునైన అంచులు, వెల్డింగ్ అతుకులు, బోల్టు రంధ్రాల దగ్గర పొర పలచగా ఉంటుంది. ఉప్పు తేమ అక్కడ దూరి, పొర కిందుగా పక్కకు పాకుతుంది. కోటింగ్‌కు ముందు ఇనుమును సరిగా కడిగి, పట్టు కోసం ఫాస్ఫేట్ పూత పట్టించకపోతే ఇంకా త్వరగా పాకుతుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపించే మచ్చ లోపల అరచేయంత ఉండవచ్చు.

మొదట మంచినీళ్లతో కడగండి. ఉప్పటి బోరు నీళ్లు వాడితే ఉప్పును మళ్లీ పూసినట్టే. ఆరాక పుట్టీ బ్లేడుతో పొరను లేపుతూ వెళ్లండి. బ్లేడుకు గట్టిగా ఎదురు తిరిగే చోట, మెరిసే ఇనుము కనబడే చోట ఆగాలి. 80 నంబరు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్) మొదలుపెట్టి 120, 220తో పాత పొర అంచును మెట్టు తగలనంత నున్నగా వాలు చేయండి. గుంతల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లమున్న తుప్పు నివారిణి రాసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. పైన ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, దాని మీద పాలీయురేథేన్ పెయింటు. రెండింటినీ బ్రష్‌తోనే వేయండి. రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్‌లోని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి, స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

చెన్నై గాలిలో శుభ్రం చేసిన ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది. ఉదయం గీకితే ఎండ ఉండగానే ప్రైమర్ పడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి.

అంతా చేసినా అదే కాలు మళ్లీ ఉబ్బితే తప్పు లోపలుంది. నేను ఒకసారి పైపైన చక్కగా వేసి, ఆ ఏడాదే మళ్లీ గీకాల్సి వచ్చింది. కాలి కింది ప్లాస్టిక్ మూత తీస్తే గొట్టంలోంచి తుప్పు నీళ్లు కారాయి. లోపల ఆరనిచ్చి, తుప్పు నిరోధక నూనె పోసి, మూతకు చిన్న రంధ్రం పెట్టాక నిలిచింది.

సున్నంలా పొడి అంటడం

ఇది పట్టు వదలడం కాదు. ఇంటిలోపలికి ఉద్దేశించిన ఎపాక్సీ పౌడర్ ఎండకు ఇలా పొడిబారుతుంది. పొర తీయనక్కరలేదు. 320 నంబరు కాగితంతో రుద్ది, తుడిచి, పాలీయురేథేన్ వేస్తే చాలు.

కొత్త పెయింటు పలకలుగా లేవడం

నున్నటి పౌడర్ మీద గరుకు చేయకుండా వేశారన్నమాట. 220తో మెరుపు పోయేదాకా రుద్దాలి. అడుగున గాల్వనైజ్డ్ (జింకు పూసిన) రేకు ఉంటే కారణం వేరు: ఎనామిల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బుగా మారుతుంది. అక్కడ ఎపాక్సీ ప్రైమరే వాడాలి.

ఎంత గీకినా పొర రాకపోవడం

పౌడర్‌ను సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చినప్పుడు దాని అణువులు ఒకదానికొకటి ముడిపడతాయి, మళ్లీ కరగవు. హీట్ గన్‌తో మెత్తబరచి గీకవచ్చు, కానీ పొగ వచ్చేంత వేడి వద్దు. మిథైలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ త్వరగా లేపుతుంది. దాన్ని మూసిన స్నానాల గదిలో వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు, మామూలు రబ్బరు తొడుగుల్లోంచి కూడా అది చర్మానికి చేరుతుంది. నేనైతే ఇంట్లోకి రానివ్వను. అల్యూమినియానికి కాస్టిక్ సోడా తగలనివ్వకండి, లోహాన్నే తినేస్తుంది. ఇనుప తీగల బ్రష్ కూడా వద్దు, దాని రేణువులు అందులో దిగి తుప్పు మచ్చలవుతాయి.

గ్రిల్ మొత్తం పాడైతే అంబత్తూరు వైపు బ్లాస్టింగ్ (గరుకు రేణువులను వేగంగా కొట్టి పాత పొర తీయడం), కోటింగ్ రెండూ ఒకేచోట చేసే పనివారికి ఇవ్వండి. బ్లాస్టింగ్ అయిన రోజే కోటింగ్ పడాలని, బయట వాడే పాలిస్టర్ పౌడరే కావాలని ముందే మాట తీసుకోండి. వంట ఓవెన్‌లో కాల్చే ప్రయోగం మాత్రం చేయకండి.

ఇంట్లో వేసిన పాలీయురేథేన్ ఒక రోజులో ఆరినట్టు కనిపించినా, పూర్తిగా గట్టిపడడానికి సుమారు వారం పడుతుంది. అప్పటిదాకా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకండి.