రూకీ తడబడుతున్నాడా? పాయింట్లు పక్కన పెట్టి తప్పులు చూడండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొదలై నెల తిరగకముందే మన హైదరాబాద్ ఫ్యాన్స్ వాట్సాప్ గ్రూపుల్లో మొదటి సీజన్ ఆడే కొత్త కుర్రాళ్ల (రూకీల) మీద తీర్పులు వచ్చేస్తాయి. మ్యాచ్‌కి 11 పాయింట్లు, 38 శాతం షూటింగ్, నాలుగు టర్నోవర్లు (బంతిని అవతలి జట్టుకి పోగొట్టుకోవడం) అని చూసి ‘వీడు బస్ట్’, అంటే పనికిరాడు అని తేల్చేస్తారు. ఆ మూడు అంకెల్లో మొదటి రెండూ నెల రోజులకి పెద్దగా ఏమీ చెప్పవు. మూడోది చాలా చెబుతుంది, కానీ మ్యాచ్ చూసినవాళ్లకే చెబుతుంది.

ముందు వయసు, ఆడిన నిమిషాలు

2013 డ్రాఫ్ట్ (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) తీసుకోండి. 11వ పిక్ మైకేల్ కార్టర్-విలియమ్స్, 15వ పిక్ యానిస్ ఆంటెటోకూంపో. మొదటి సీజన్లో కార్టర్-విలియమ్స్ మ్యాచ్‌కి 16.7 పాయింట్లు, 6.2 రీబౌండ్లు, 6.3 అసిస్టులతో రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. యానిస్‌కి వచ్చినవి 6.8 పాయింట్లే. కానీ సీజన్ మొదలయ్యేనాటికి కార్టర్-విలియమ్స్‌కి 22 నిండాయి, యానిస్‌కి 19 కూడా నిండలేదు. పైగా కార్టర్-విలియమ్స్ జట్టు ఫిలడెల్ఫియా ఆ ఏడాది 82 మ్యాచ్‌ల్లో 19 మాత్రమే గెలిచింది. అలాంటి జట్టులో బంతి ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటే వాళ్లకి అంకెలు వస్తాయి. 2015 ఫిబ్రవరిలో ఆ జట్టే కార్టర్-విలియమ్స్‌ని వేరే జట్టుకి ట్రేడ్ చేసేసింది. యానిస్ 2019, 2020ల్లో ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు), 2021లో ఛాంపియన్.

కాబట్టి ఏ రూకీ పేరు విన్నా ముందు పుట్టిన తేదీ చూడండి. 19, 20 ఏళ్లవాడి తప్పులకి రెండు సీజన్లు టైమివ్వాలి. 22, 23 ఏళ్లకి వచ్చినవాడు మొదటి సీజన్ రెండో సగానికే కుదురుకోవాలి, ఎందుకంటే ఒళ్లు గట్టిపడటానికి అతనికి ఇంక పెద్దగా మిగిలింది లేదు.

తర్వాత నిమిషాలు. కోబీ బ్రయంట్ 1996–97లో మ్యాచ్‌కి 7.6 పాయింట్లే చేశాడు, కానీ ఆడింది 15.5 నిమిషాలు. 7.6ని 15.5తో భాగించి 36తో గుణిస్తే 17.7 వస్తుంది, అంటే 36 నిమిషాలు ఆడితే వచ్చే పాయింట్లు. 18 ఏళ్ల కుర్రాడికి అది తక్కువేమీ కాదు. ఈ లెక్క మ్యాచ్‌కి 12 నిమిషాలు కూడా ఆడనివాళ్లకి వాడకండి. గెలుపోటములు తేలిపోయాక చివర్లో వచ్చి చేసిన పాయింట్లు ఇందులో ఉబ్బిపోతాయి.

జులైలో జరిగే సమ్మర్ లీగ్ చూసి అంచనాలు కట్టడం మాత్రం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

షూటింగ్: త్రీ కాదు, ఫ్రీ త్రో

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నిజంగా 35 శాతం త్రీలు (మూడు పాయింట్ల గీత వెనక నుంచి వేసే షాట్లు) పడేసే సత్తా ఉన్నవాడు 100 త్రీలు వేస్తే, అదృష్టం వల్లే అది 30కి దిగొచ్చు, 40కి ఎక్కొచ్చు. దాదాపు నాలుగింట ఒకసారి ఆ హద్దులు కూడా దాటుతుంది. రూకీలు 100 త్రీలు వేసేసరికి డిసెంబర్ అవుతుంది. అందాకా ఆ శాతాన్ని పట్టించుకోకండి.

దూరం కూడా గుర్తుంచుకోండి. సికింద్రాబాద్ వైఎంసీఏలోనో గచ్చిబౌలిలోనో మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) గీత 6.75 మీటర్లు. ఎన్‌బీఏ గీత 7.24 మీటర్లు, మూలల్లో 6.71. మన గీతకి అర మీటరు వెనక నిలబడి పది షాట్లు వేసి చూడండి, చేతి బలంతో కాదు, మోకాళ్ల నుంచి బలం తెచ్చుకోకపోతే బంతి రింగు దాకా వెళ్లదని తెలుస్తుంది. యూరప్ నుంచి, కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి ఏడాది పడే అవస్థలో ఇదొకటి.

ఫ్రీ త్రోకి (ఫౌల్ జరిగినప్పుడు ఇచ్చే షాట్) ఈ తేడాలు లేవు. దూరం ఎక్కడైనా దాదాపు 4.6 మీటర్లు, ఎదురుగా చెయ్యెత్తేవాడు లేడు. చేతి వాటం శుద్ధంగా ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. డిర్క్ నోవిట్‌స్కీ మొదటి సీజన్లో 68 త్రీలు వేస్తే 14 పడ్డాయి, 20.6 శాతం. ఫ్రీ త్రోలు మాత్రం 77 శాతం. కెరీర్ ముగిసేసరికి అతని త్రీలు 38 శాతం. డేరియస్ గార్లండ్ 2019–20లో మొత్తం షూటింగ్ 40 శాతంతో తెగ తిట్లు తిన్నాడు. మోకాలి గాయం వల్ల కాలేజీలో ఐదే మ్యాచ్‌లు ఆడి వచ్చిన అతను ఫ్రీ త్రోలు 87.5 శాతం వేశాడు. 2022లో ఆల్ స్టార్.

ఫ్రీ త్రో శాతం 80 దాటితే త్రీ గురించి బెంగ వద్దు. 70 నుంచి 80 అయితే షాట్ తీరు చూడాలి: మోచెయ్యి రింగు వైపు ఉందా, ప్రతిసారీ ఒకే ఎత్తులో వదులుతున్నాడా? 65 లోపు ఉంటే, వయసు 19 అయినా సరే, షూటర్ అవుతాడని పందెం కాయకండి.

జనవరి, ఫిబ్రవరిలో శాతం ఒక్కసారిగా పడిపోతే బంతి రింగులో ఎక్కడ తగులుతోందో గమనించండి. వరసగా ముందు అంచుకే తగులుతుంటే కాళ్లు అలిసిపోయాయని అర్థం. కాలేజీలో ముప్పై చిల్లర మ్యాచ్‌లు ఆడినవాడికి 82 మ్యాచ్‌ల సీజన్ అది. కుడికీ ఎడమకీ పోతుంటే అలసట కాదు, తీరులోనే లోపం.

టర్నోవర్లు

అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7కి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకి పొద్దున 5:30. ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు మొత్తం చూడలేకపోతే రెండో క్వార్టర్ ఒక్కటి చూడండి. చాలా జట్లలో స్టార్లు కాసేపు బెంచి మీద కూర్చుని, బంతి కుర్రాడి చేతికి వచ్చేది అప్పుడే. పక్కన కాగితం పెట్టుకుని అతని ప్రతి టర్నోవరూ ఏ రకమో రాయండి.

పిక్ అండ్ రోల్ అంటే తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి (స్క్రీన్), తర్వాత రింగు వైపు పరిగెత్తడం (రోల్). అందులో రూకీ గార్డ్ (బంతి నడిపేవాడు) స్క్రీన్ దాటి పెయింట్‌లోకి, అంటే రింగు ముందున్న గడిలోకి వచ్చాడనుకోండి. అవతలి మూలలో షూటర్‌ని కాస్తున్న డిఫెండర్, రోల్ అయిన బిగ్ మ్యాన్‌ని (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) ఆపడానికి లోపలికి జరుగుతాడు. పాస్ ఆ మూలకి వెళ్లాలి, అదీ ఆ డిఫెండర్ పాదం కదిలిన క్షణంలోనే. రూకీకి అది కనిపిస్తుంది, కానీ అర సెకను ఆలస్యంగా విసురుతాడు. ఆలోపు డిఫెండర్ వెనక్కి తిరిగి వేలితో బంతిని తాకేస్తాడు. స్కోర్‌కార్డులో ఇది మైనస్. నా లెక్కలో ఇది రూకీ చేయగల అత్యుత్తమమైన తప్పు. చూపు ఉంది, వేగం కావాలి, అది మ్యాచ్‌లు ఆడితే వస్తుంది. నవంబర్‌లో వేలికి తగిలిన పాస్ మార్చిలో షూటర్ చేతికి చేరుతోందా అన్నదే మీరు పోల్చాల్సింది.

భయపెట్టాల్సిన తప్పులు వేరు. మూల షూటర్ వైపు అసలు తలే తిప్పకుండా ముగ్గురి మధ్యలోకి దూరిపోవడం. ఏం చేయాలో తేల్చుకోకుండా గాల్లోకి ఎగరడం. ఇవి రెండో సీజన్లోనూ అంతే ఉంటే అతను జట్టుని నడిపించే గార్డ్ కాలేడు, ఇంకో పాత్ర వెతకాలి.

రింగు దగ్గర కూడా ఇదే తేడా. అక్కడిదాకా వెళ్లి లేఅప్‌లు (రింగు పక్కనుంచి వేసే షాట్లు) పోగొట్టుకునేవాడికి బలం చాలట్లేదంతే, రెండేళ్ల జిమ్‌తో సర్దుకుంటుంది. అసలు రింగు దాకా వెళ్లలేక ప్రతిసారీ మధ్యలోనే ఆగి షాట్ వేసేవాడికి మొదటి అడుగులో వేగం లేదు. దాన్ని జిమ్ తెచ్చివ్వదు.

డిఫెన్స్

మొదటి ఏడాది దాదాపు అందరూ దెబ్బతింటారు. బిగ్ మ్యాన్ అయితే 36 నిమిషాలకి ఎన్ని ఫౌల్స్ చేస్తున్నాడో నెలనెలా చూడండి. ఆరుకి దగ్గరగా మొదలై సీజన్ చివరికి నాలుగున్నరకి దిగితే బాగా నేర్చుకుంటున్నట్టు. గార్డ్ అయితే బంతి తన మనిషి దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. బంతినే చూస్తూ నిలబడి, వెనక నుంచి తన మనిషి రింగు కిందికి కట్ చేస్తే తెలుసుకోలేకపోవడం మామూలే. కట్ అయ్యాక వెంట పరిగెత్తకపోవడం మామూలు కాదు.

తీర్పు ఎప్పుడు

డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పిక్‌లకి కాంట్రాక్టులో మొదటి రెండేళ్లు గ్యారంటీ. మూడో, నాలుగో ఏడాది జట్టు ఇష్టం, దీన్నే ఆప్షన్ అంటారు. మూడో ఏడాది సంగతి రెండో సీజన్ మొదట్లోనే, అక్టోబర్ 31 లోపు తేల్చాలి. జట్టు ఆ ఆప్షన్ వదిలేసుకుందంటే రోజూ ప్రాక్టీస్ చూసేవాళ్లు ఆశ వదులుకున్నారన్నమాట, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆప్షన్ తీసుకోవడం మాత్రం మెచ్చుకోలు కాదు, మామూలుగా జరిగేదే. మూడో సీజన్ అయ్యాక ఎక్స్‌టెన్షన్‌కి (కాంట్రాక్టు పొడిగింపు) అర్హత వస్తుంది. గట్టి తీర్పు అప్పుడు చెప్పండి.

అందాకా ప్రతి రూకీకి నాలుగు అంకెలు రాసి పెట్టుకుంటే చాలు: వయసు, ఫ్రీ త్రో శాతం, 36 నిమిషాలకి రింగు దగ్గర వేసిన షాట్లు, 36 నిమిషాలకి ఫౌల్స్. నవంబర్‌వి ఒక వరుసలో, మార్చివి కింద వరుసలో. మన దగ్గర అండర్-18 నుంచి సీనియర్స్‌కి వెళ్లిన కుర్రాళ్లకీ ఇదే పట్టిక పనికొస్తుంది. కాకపోతే బయట సిమెంటు కోర్టులో గాలికి త్రీలు తప్పుతాయి, దుమ్ముకి బంతి చేతిలో జారుతుంది కాబట్టి ఫ్రీ త్రోలు ఇండోర్‌లో కనీసం యాభై వేయించి లెక్కపెట్టండి, అదీ ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు అలిసిపోయాక.