నార్ఫోక్ చెట్టు ఫెర్న్ కొనేముందు వేళ్లు చూడండి

సిడ్నీ, బ్రిస్బేన్, ఆక్లండ్ వైపు ఉంటూ పెరట్లో చెట్టు ఫెర్న్ (చెట్టులా మాను కట్టి పెరిగే ఫెర్న్ మొక్క) పెట్టాలనుకునే మనవాళ్లకి ఒక మాట. మొదలు నరికి, వేళ్లు లేకుండా అమ్మే మానులు అక్కడ కొన్నిచోట్ల దొరుకుతాయి. డిక్సోనియా అంటార్కటికా అనే రకం చెట్టు ఫెర్న్ అయితే అలా తెచ్చి పాతినా వేళ్లు వేస్తుంది. పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి చెట్టు ఫెర్న్‌ది మాత్రం సయాథియా అనే వేరే కుటుంబం. మొదలు నరికితే సాధారణంగా బతకదు. అందుకని కుండీలో వేళ్లతో పెరిగిన మొక్కనే అడిగి తీసుకోండి, చిన్నదైనా సరే.

ఇది పుట్టింది సుమారు 35 చదరపు కిలోమీటర్ల దీవిలో, మౌంట్ పిట్ చుట్టూ ఉన్న తేమ అడవుల్లో. అక్కడ 20 మీటర్ల ఎత్తు వరకూ పెరుగుతుంది, ప్రపంచంలోని పెద్ద చెట్టు ఫెర్న్‌లలో ఇదొకటి. కాబట్టి గోడ పక్కన ఇరుకులో నాటొద్దు. పొడి గాలి నేరుగా తగలని చోటు చూడండి.

నీళ్లు మొదలు దగ్గర మాత్రమే పోసి వదిలేయకండి. ఎండ ముదిరిన రోజుల్లో మానుని కూడా పైనుంచి తడపండి. మొదలు చుట్టూ ఆకుచెత్త మందంగా పరవండి.

అన్నిటికంటే ముఖ్యం మొవ్వు. కొబ్బరిచెట్టులాగే దీనికీ ఒక్కటే మొవ్వు, అది విరిగితే చెట్టు పోయినట్టే. చుట్టలు చుట్టుకుని ఉన్న లేత ఆకుల్ని పిల్లలు లాగకుండా చూసుకోండి. ముదురాకుల్ని కోసే పని లేదు, ఎండితే వాటంతట అవే రాలి మాను మీద అందమైన కోలటి మచ్చలు మిగులుస్తాయి.