‘హియర్ అవుట్’ ఎక్కడ తప్పింది, ఎలా సరిపడింది

‘నా మాట పూర్తిగా వినండి’ని ఇంగ్లీషులో చెప్పబోయి ‘లిజన్ మై వర్డ్ ఫుల్లీ’ అనేయడం నాకున్న పాత అలవాటు. అక్కడ సరిపోయేది ‘హియర్ మీ అవుట్’. తెలుగులో మాటను వింటాం. ఈ ప్రయోగంలో మాత్రం కర్మ స్థానంలో ఎక్కువగా మనిషే ఉంటాడు. తికమక అంతా అక్కడే.

రెండో తప్పు పదాల వరుసలో. ‘హియర్ అవుట్ మీ’ తప్పు. మీ, హిమ్, హర్, దెమ్ లాంటి సర్వనామాలు ‘హియర్’కీ ‘అవుట్’కీ మధ్యే రావాలి. నామవాచకమైతే కాస్త వెసులుబాటు ఉంది: ‘హియర్ ద విట్‌నెస్ అవుట్’, ‘హియర్ అవుట్ ద విట్‌నెస్’ రెండూ సరే. ‘లిజన్’ పక్కన ఉండే ‘టు’ని ఇక్కడికి లాక్కురాకూడదు. భూతకాలంలో ‘హర్డ్ హిమ్ అవుట్’.

విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ‘ఐ హర్డ్ హర్ అవుట్, బట్ ఐ డిడ్ నాట్ అగ్రీ’ అంటే ఆమె చెప్పింది చివరిదాకా విన్నాను గానీ ఒప్పుకోలేదని. పాటలకూ వార్తలకూ ఇది వాడరు. మధ్యలో అడ్డు తగిలే అవకాశమున్న వాదన, వివరణ, సంజాయిషీ వంటి చోట్లే దీని పని.

‘లిజన్ అవుట్ ఫర్’ వేరే సంగతి: కాలింగ్ బెల్ లాంటి చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉండటం. పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదు.

ఒట్టి ‘హియర్ మీ అవుట్’ కొంచెం గద్దింపులా వినిపించవచ్చు. పైవారితో ‘ప్లీజ్ హియర్ మీ అవుట్ బిఫోర్ యు డిసైడ్’ అంటే మెత్తబడుతుంది.