డాక్ మూత విప్పే ముందు

తుఫానుల అక్టోబరు దగ్గర పడుతోందంటే విశాఖలో మేడ మీది సామాను కిందికి దింపుతాం, కిటికీ గొళ్లేలు సరిచూసుకుంటాం, ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోస్తాం. పాటల పిచ్చి ఉన్నవాళ్లకు మరో పని కూడా ఉంటుంది. ఏడాదంతా 'సెలవు దొరికినప్పుడు చూద్దాం' అని పక్కన పెట్టిన డాక్‌ను మరమ్మతుకో మార్పుకో ముందు వేసుకుని కూర్చుంటారు. ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉన్న అంకెలను ఆంప్లిఫయర్‌కు అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చే పెట్టె అది. విప్పదలచుకుంటే తుఫానులు పట్టేలోగా విప్పి మూసేయండి. ఉక్కపోత, ఉప్పుగాలి, వచ్చిపోయే కరెంటు మూడూ కలిసే నెలల్లో సగం విప్పిన పెట్టె బల్ల మీద ఉండకూడదు.

అయితే నిజంగా విప్పాలా? పెదవాల్తేరులో ఉండే మా పిన్ని కొడుకు పోయిన నెల ఫోను చేశాడు.

"అన్నయ్యా, ఎడమ స్పీకరులో బుసబుసమని శబ్దం. డాక్‌లో ఐసీ మార్చేయనా?"

"ముందు డాక్ వెనక కుడి ఎడమ వైర్లు తారుమారు చేసి చూడు."

"చేశాను. శబ్దం ఎడమ వైపే ఉంది."

"అయితే డాక్ జోలికి పోకు. తప్పు వైరులోనో ఆంప్లిఫయర్‌లోనో ఉంది."

తీరా చూస్తే ఆంప్లిఫయర్ వైపు ప్లగ్గు మీద పచ్చటి చిలుము. సముద్రానికి కిలోమీటరు లోపు ఉన్న ఇళ్లలో ఇది మామూలే. గుడ్డతో రుద్ది, నాలుగైదు సార్లు తీసి పెడితే పోయింది. ఐసీ, అంటే బోర్డు మీది చిన్న నల్లటి చిప్పు, మార్చి ఉంటే బుసబుస అలాగే ఉండేది, పైగా కొత్త తప్పు ఒకటి వచ్చి చేరేది.

'గుమ్'మనే హమ్‌దీ అదే కథ. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి హమ్ 50 హెర్ట్జ్‌లోనో, ఆ ఊగే కరెంటును ఒకే దిశలో పోయే డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక 100లోనో వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసేయండి. హమ్ ఆగిపోతే డాక్‌లో తప్పు లేదు. రెండు పరికరాల ఎర్తులు వైర్ల గుండా చుట్టు తిరిగి కలుస్తున్నాయన్నమాట. టీవీ కేబులు తీగ వల్ల కూడా ఇలా జరుగుతుంది. ఆప్టికల్ కేబులుతో కలిపి చూడండి, అందులో వెలుగు తప్ప విద్యుత్తు ప్రయాణించదు కాబట్టి ఆ దారి తెగిపోతుంది. అంతేగానీ హమ్ పోవాలని ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయవద్దు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ రోజుకు హమ్ పోతుంది నిజమే. కానీ లోపల ఎప్పుడైనా ఒక తీగ ఊడి ఇనప పెట్టెకు తగిలితే, ఎర్తుకు పోవలసిన కరెంటు పెట్టెను ముట్టుకున్న చేతి గుండా పోతుంది.

ఇవన్నీ చూశాక కూడా తప్పు పెట్టెలోనే ఉందని తేలితే, అప్పుడు స్క్రూడ్రైవరు తీయండి.

ముందు మీ డాక్ ఏ రకమో తెలుసుకోండి. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకునే చిన్న పెట్టె అయితే ప్రాణభయం లేదు, కంప్యూటర్ పోర్టు పోయే భయం మాత్రం ఉంది. గోడ ప్లగ్గు నుంచి నేరుగా 230 వోల్టులు లోపలికి తీసుకునే పెట్టె సంగతి వేరు. అందులో ఫోను చార్జరు తరహా స్విచ్చింగ్ సప్లయ్ ఉంటే, విద్యుత్తును నిలవ ఉంచే మొదటి పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన అది పోదు. ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి, మల్టీమీటరు డీసీ వోల్టుల మీద పెట్టి కొలవండి. ఇంకా ఉంటే 2.2 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా తొడుగు ఉన్న తీగలు అతికించి, ఆ కెపాసిటర్ కాళ్లకు కొన్ని సెకన్లు తాకించి మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవరు కొన అడ్డం పెట్టి 'టప్'మనిపించడం చూడడానికి వీరత్వంలా ఉంటుంది. కొన కాలుతుంది, బోర్డు రాగి లేస్తుంది, మనిషి ఉలిక్కిపడి చేయి ఎక్కడో పెడతాడు. లైట్ వెలిగే టెస్టరును ఇక్కడ నమ్మవద్దు, ఈ పనికి అది పనికిరాదు.

ఒంటరిగా చేయవద్దు. ఇంట్లో ఇంకొకరికి మెయిన్ స్విచ్చి ఎక్కడుందో చూపించి కూర్చోండి. నేల తడిగా ఉంటే ఆ రోజుకు పని మానేయండి.

ఏసీ గదిలో ఉన్న పెట్టెను బయటికి తెచ్చి వెంటనే విప్పడం మనవాళ్లు చేసే ఇంకో పొరపాటు. చల్లటి బోర్డు మీద ఈ ఊరి గాలిలోని తేమ మంచుబిందువుల్లా పేరుకుంటుంది. గంట ఆగండి. ఐసీలను పాడుచేసే స్థిర విద్యుత్తుకూ తేమకూ చుట్టరికం తిరగబడి ఉంటుంది: బయటి ఉక్కలో అది తక్కువ, ఏసీ గదిలో గాలి ఆరిపోయి ఎక్కువ. అందుకని ఐసీలు పట్టుకునే ముందు, ఒంటి మీది ఆ విద్యుత్తును ఎర్తుకు పంపే మణికట్టు పట్టీ వేసుకోండి. దాని తీగలో 1 మెగా ఓము రెసిస్టర్ ఉండేది కొనండి, లేనిదాన్ని వాడితే పొరపాటున కరెంటు తగిలినప్పుడు పట్టీయే మనిషిని ఎర్తుకు కట్టేస్తుంది. కరెంటు పెట్టి కొలిచేటప్పుడు పట్టీ విప్పేయాలి.

మూత తీయగానే దేన్నీ ముట్టుకోకుండా ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఏ తీగ ఎక్కడిదో గుర్తుంటుందనుకున్నవాళ్లందరూ తరువాత నాకు ఫోను చేసినవాళ్లే. ఉబ్బిన కెపాసిటర్ తల, కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు, బోర్డు మీద నల్లబడ్డ చోటు కోసం వెతకండి. కారిన కెపాసిటర్ ద్రవం ఒక్కోసారి చేపల వాసన వేస్తుంది. మన ఊళ్లో ఆ వాసనను ఫిషింగ్ హార్బరు మీదికి తోసేయడం సులువు గనుక ముక్కు దగ్గరగా పెట్టి చూడండి.

కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల వేడి తట్టుకునేది అయితే మేలు. మైనస్ గీత ఏ వైపు ఉందో రెండుసార్లు చూడండి, తిరగేస్తే పేలుతుంది. 'పెద్దది వేస్తే బాస్ పెరుగుతుంది' అని మూడింతలు వేస్తారు కొందరు. ఆన్ చేసిన క్షణంలో అది గుంజే కరెంటుకు రెక్టిఫయర్ బలవుతుంది. మెయిన్స్ వైపు ఉండే ఎక్స్2, వై1 అని రాసి ఉన్న భద్రతా కెపాసిటర్‌ల స్థానంలో మామూలువి వేయనే కూడదు. ఫ్యూజు స్థానంలో తీగ వేసే అలవాటు గురించి నేను మర్యాదగా రాయలేను.

ఇక ఆప్ ఆంప్‌ల సంగతి. సంగీత తరంగాన్ని పెంచి బయటికి పంపే ఐసీలివి, అందరికీ వీటి మీదే మోజు. సాకెట్‌లో ఉన్నది పీకి ఇంకోటి పెట్టడమే కదా అంటారు. పాత ఎన్‌ఈ 5532 దాదాపు 10 మెగాహెర్ట్జ్ ఐసీ, ఎల్ఎం 4562 దాదాపు 55 మెగాహెర్ట్జ్. నిదానమైన ఐసీ కోసం గీసిన బోర్డులో చురుకైనదాన్ని పెడితే అది మన చెవికి అందనంత పైన తనంతట తాను ఊగడం మొదలుపెట్టవచ్చు. వినబడేది కొంచెం గరగర మాత్రమే, ఐసీ మాత్రం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. మరో ప్రమాదం వోల్టులది: ఎన్‌ఈ 5532కు మొత్తం కనీసం 10 వోల్టులు కావాలి, 5 వోల్టుల బోర్డులో అది సరిగా పనిచేయదు. సప్లయ్ కాళ్ల దగ్గర 100 నానోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఉందో లేదో చూడండి. ఐసీ మీది చుక్క, సాకెట్ మీది గాటు ఒకే వైపు ఉండాలి. నిజం చెప్పాలంటే, బాగా పనిచేస్తున్న డాక్‌లో ఐసీ మార్చాక వచ్చే తేడా చాలాసార్లు మార్చినవాడికే వినబడుతుంది.

'అవుట్‌పుట్ కెపాసిటర్ తీసేసి తీగ వేస్తే స్వరం శుభ్రమవుతుంది' అనే చిట్కా అన్నిటికన్నా చెడ్డది. ఒకే సప్లయ్‌తో నడిచే చాలా బోర్డుల్లో సంగీతం ఆ సప్లయ్‌లో సగం వోల్టుల మీద కూర్చుని ఉంటుంది, 5 వోల్టులైతే దాదాపు 2.5. ఆ డీసీని ఆపేది ఆ కెపాసిటరే. అది లేకపోతే, డీసీని ఆపని ఆంప్లిఫయర్ దాన్ని ఇరవై రెట్లు చేయబోయి తన శక్తి మేరకు స్పీకరులోకి తోస్తుంది. కాయిల్ కాలుతుంది. కేవలం 50 మిల్లీవోల్టులు మిగిలినా స్పీకరు దగ్గర 1 వోల్టు అవుతుంది.

సాల్డరింగ్‌లో నా జాగ్రత్తలు కొన్నే. అతకడానికి వాడే మామూలు 63/37 లెడ్ (తగరం, సీసం కలిసిన తీగ) 183 డిగ్రీలకు కరుగుతుంది, ఐరన్‌ను 330 దగ్గర పెట్టి మూడు సెకన్లలో పని ముగించండి. ఫ్యాను పొగను పక్కకు లాగేలా ఉండాలి, నేరుగా బోర్డు మీద కొట్టకూడదు. తరువాత చేతులు కడుక్కుని గానీ పకోడీ ముట్టవద్దు.

ఉప్పు గురించి నాకు బుద్ధి వచ్చింది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను రోజు మా కిటికీ అద్దం పగిలి తుంపర గదిలోకి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు కాబట్టి పెట్టెలన్నీ ఆరిపోయాయని నమ్మాను, కరెంటు రాగానే ఆన్ చేశాను. నీళ్లు ఆరాయి గానీ ఉప్పు ఆరదు. అది బోర్డు మీదే ఉండి తేమను మళ్లీ పీల్చుకుంటుంది, రాగి గీతల మధ్య కరెంటుకు దారి ఇస్తుంది. ఉప్పునీరు తగిలిన బోర్డును బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లతో మెత్తటి కుంచె పెట్టి కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఆరనివ్వాలి. ట్రాన్స్‌ఫార్మరుకు తడి తగలనీయకూడదు. ఆల్కహాల్ ఉన్నంతసేపూ ఐరన్, అగరుబత్తి దూరంగా ఉండాలి.

అంతా అయ్యాక నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డు, అంటే 60 వాట్ల పాత తరహా బల్బు గుండా కరెంటు ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి తగ్గితే పర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, తీసేయండి. స్పీకర్లు ఇంకా కలపవద్దు. రెండు అవుట్‌పుట్‌ల దగ్గర డీసీ కొలవండి: 10 మిల్లీవోల్టుల లోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను, 50 దాటితే మళ్లీ విప్పుతాను. అరగంట అలా వదిలి, ప్లగ్గు పీకి, కెపాసిటర్‌లు ఖాళీ అయ్యాక ఐసీల వేడి వేలితో చూడండి. మొదటి పాట పోయినా బాధలేని పాత స్పీకరులో వినండి.

పీకిన పాత ఐసీలు, కెపాసిటర్‌లు కవరులో వేసి, తేదీ రాసి, మూతకు లోపలి వైపు అంటించండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద మబ్బు నల్లబడితే ప్లగ్గుతో పాటు యూఎస్‌బీ తీగ, టీవీ కేబులు, ఇంటర్నెట్ తీగ కూడా పీకేయండి. పిడుగు గోడ ప్లగ్గు గుండానే రావాలని లేదు.