బర్గర్ దుకాణంలో ఇంటర్వ్యూకు వెళ్తున్నారా?

హనుమకొండలో బర్గర్, పిజ్జా దుకాణాల ఉద్యోగాలకు వెళ్లే డిగ్రీ పిల్లలు ఇంగ్లీషు గురించే బెంగపడుతుంటారు. నన్నడిగితే ముందు చేతులు చూసుకోండి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, ఉంగరాలు, మణికట్టు దారాలు తీసేసి వెళ్లండి. ఆహారం ముట్టుకునే పనిలో అవి ఎలాగూ కుదరవు.

"ఆదివారాలు, పండగ రోజులు రాగలరా?" అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. సద్దుల బతుకమ్మ, దసరా వచ్చే రోజుల్లో సెలవు దొరకడం కష్టం. "చూస్తానండి" అని నసగవద్దు. ఏ రోజుల్లో, ఎన్ని గంటల వరకు ఉండగలరో, రాత్రి దుకాణం మూసేశాక కాజీపేటకో మడికొండకో ఎలా చేరతారో ఇంట్లో ముందే మాట్లాడుకుని, స్పష్టంగా చెప్పండి. కోపంగా వచ్చిన కస్టమరు గురించి అడిగితే, ముందు పూర్తిగా విని, క్షమాపణ చెప్పి, బిల్లుతో ఆర్డరు సరిచూసి, అప్పటికీ తేలకపోతే షిఫ్టు మేనేజరును పిలుస్తానని చెప్పండి.

జీతం అడగడానికి మొహమాటం వద్దు. పీఎఫ్‌కు (భవిష్యనిధికి) సాధారణంగా మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తంలో 12 శాతం, ఈఎస్ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమాకు) 0.75 శాతం కోత పడుతుంది కాబట్టి చేతికి ఎంత వస్తుందో అడగండి. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ కట్టమంటే మాత్రం లేచి వచ్చేయండి.